మా అత్తయ్య పట్టుకున్న బెల్టు

ఊరేగింపులో మా మావయ్య ముందుకి నడవగా ఎవరూ చూడలేదు. ఆయన డోళ్ళ బృందానికి నాయకుడు. నాయకుడన్నవాడు బృందం వైపు మొహం పెట్టి, వెళ్ళాల్సిన దారికి వీపు పెట్టి, మొదలైన చోటు నుంచి ముగిసే చోటుదాకా వెనక్కే నడవాలి. ఆయన కళ్ళెదుట ముందు ఆటవాళ్ళు, వాళ్ళ వెనక చిన్న డ్రమ్ములు, ఊపి మోగించే గిలకలు, గంట, అందరికంటే వెనక పెద్ద డోళ్ళు. ఆయన చెయ్యెత్తితే మోత పెరగాలి, అరచెయ్యి దించితే తగ్గాలి, రెండు పిడికిళ్ళూ పైకి లేపితే ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. ఇన్ని పనులున్న మనిషికి తన వెనక గుంట ఉందో స్తంభం ఉందో చూసుకునే తీరిక ఎక్కడిది? ఒక్కసారి తల తిప్పితే చాలు, అటు డోళ్ళు దారి తప్పుతాయి. అందుకని ఆయన వీపుకి తన వీపు ఆనించినట్టు, దారి వైపు చూస్తూ ఇంకో మనిషి నడవాలి. ఆ మనిషి చెయ్యి వెనక్కి వచ్చి ఆయన నడుం బెల్టు పట్టుకుని ఉంటుంది. బెల్టు ఎటు లాగితే ఆయన అటు జరుగుతాడు. రెండుసార్లు గట్టిగా గుంజితే ఆగిపోతాడు.

ఆ బెల్టు పట్టుకునేది మా అత్తయ్య.

బస్సుల సీట్లకి కవర్లు కుట్టే షెడ్డులో ఆవిడకి ఉద్యోగం. రోజంతా రెక్సిన్ చుట్టల మధ్య మిషను ముందు కూర్చుని, సాయంత్రానికి ఆ వాసనతోనే ఇంటికొస్తుంది. పొట్టి మనిషి, గట్టి మనిషి, మాట కరుకు. "మీరు బృందంలో ఏం చేస్తారండీ?" అని ఎవరైనా అడిగితే "మా ఆయన్ని తోలుతుంటాను" అంటుంది. ఈ నగరంలో ఏ సంబరం జరిగినా మా బృందాన్ని పిలుస్తారు. కొత్త మార్కెట్టు తెరిచినా, పిల్లల ఆటల పోటీలు మొదలైనా, వృద్ధాశ్రమంలో ఎవరి పుట్టినరోజైనా, అందరం మా మా పనులు ముగించుకుని డోళ్ళు కట్టుకుని బయల్దేరతాం. చప్పట్లు ఆటవాళ్ళకి, ఈలలు డోళ్ళకి, పొగడ్తలు మావయ్యకి. పేపర్లో పడిన ఫొటోలన్నిట్లోనూ అత్తయ్యది మోచెయ్యి ఒక్కటే కనబడుతుంది. ఆ మోచేతినే చుట్టాలకి చూపించి "ఇదిగో, ఇది నేను" అని మురిసిపోతుంది.

పూర్వం ఆ బెల్టు మావయ్య స్నేహితుడొకడు పట్టుకునేవాడట. ఒకసారి ఆయన సినిమా పోస్టరు చూస్తూ మావయ్యని తీసుకెళ్ళి ఇసుక గుట్టలో కూర్చోబెట్టాడు. ఈల నోట్లో ఉండగానే నడుందాకా ఇసుకలో దిగిపోయిన మావయ్య, ఇంటికొచ్చి ఒళ్ళు దులుపుకుంటూ "రేపట్నుంచి నువ్వు రా" అన్నాడట. అంతే, అత్తయ్య పని అలా ఖాయమైపోయింది. ఇష్టమో కాదో తనని ఎవరూ అడగలేదని ఆవిడ ఇప్పటికీ సణుగుతూ ఉంటుంది. కానీ చెప్పేటప్పుడు ఆ మొహంలో వెలుగు చూడాలి.

మావయ్య ప్లంబరు. ఇంట్లో ఆయన నోటికి తాళం. "పెట్టు", "చాలు", "తలుపేసుకో" అనే మూడు మాటలతో ఒక పూట గడిపేయగలడు. అదే మనిషి డోళ్ళ ముందు నిలబడితే ఒళ్ళంతా మాటలే. నేను ఆ ఇంటికి కోడలిగా వెళ్ళిన కొత్తలో, ఇదేం కాపురంరా బాబూ, వీళ్ళు ఒకరినొకరు ఎప్పుడు పలకరించుకుంటారు అనుకునేదాన్ని. తర్వాత ఒక ఊరేగింపులో ఆ బెల్టు చూశాను. వెనక ఏముందోనని ఒక్కసారి కూడా అనుమానపడకుండా అంత పొడుగు మనిషి ఆ పొట్టి మనిషి చేతికి తన ఒళ్ళు అప్పగించేశాడు. వాళ్ళ కాపురం ఎక్కడుందో నాకప్పుడు తెలిసింది.

నాకు గంట ఇచ్చారు. బస్టాండులో ఎంక్వయిరీ కౌంటర్లో కూర్చుని అదే ప్రశ్నకి అదే జవాబు రోజంతా చెప్పే ఓపిక ఉంది కాబట్టి, అదే దెబ్బ అదే వరసలో ఎంతసేపైనా కొట్టగలనని మావయ్య కనిపెట్టాడు. గంటది మధ్య వరస. డోళ్ళన్నీ దాన్నే వింటాయి కనక అది ముందుకి రాకూడదు, వెనక్కి పోకూడదు. నా పక్కన గిలకలు ఊపే ఆవిడ స్కూలు టీచరు, అందరం టీచరమ్మ అంటాం. వెనక పెద్ద డోలు కట్టుకునేవాళ్ళలో లారీ మెకానిక్కు మా ఆయన. పెద్ద డోలు కట్టుకున్నవాడికి తన కాళ్ళే తనకి కనబడవు. అలాంటివాళ్ళంతా ఊపు మీద వస్తుంటే ముందు మావయ్య తూలి పడ్డాడంటే ఆటవాళ్ళు ఆయన మీద, డోళ్ళు ఆటవాళ్ళ మీద పడతాయి. ఆ సంగతి బృందంలో అందరికీ తెలుసు. పైకి ఎవరూ అనరు.

అత్తయ్యకి ఏదో అయిందని నాకు మొదట అనుమానం వచ్చింది టీ దగ్గర. గ్లాసులో పొయ్యాల్సిన టీ గ్లాసు పక్కన పోసింది. నవ్వేసి తుడిచేసింది. ఇంకోరోజు వంటింటి గుమ్మానికి ఎడమ భుజం ఠపీమని కొట్టుకుంది. ఆ గుమ్మం ఆవిడ కాపురానికి వచ్చినప్పటి నుంచీ అక్కడే ఉంది. "దిక్కుమాలిన గుమ్మం, రోజురోజుకీ లావెక్కుతోంది" అని తిట్టింది. ఇంట్లో అందరూ నవ్వారు. నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆ తర్వాత గమనించడం మొదలుపెట్టాను. కంచానికి ఎడమవైపు పెట్టిన మంచినీళ్ళ కోసం చేత్తో తడుముకుంటోంది. అటువైపు నుంచి వెళ్ళి పలకరిస్తే ఉలిక్కిపడి, "దొంగలా వస్తావేమే?" అని కసురుతోంది.

మా సాధన టైర్ల గోడౌను వెనక ఉన్న ఖాళీ షెడ్డులో. దాని నిండా ఇనప స్తంభాలు. ఆ ఆదివారం అత్తయ్య తన ఎడమపక్కనున్న స్తంభానికి మావయ్యని ఎంత దగ్గరగా తిప్పిందంటే, ఆయన మోచెయ్యి దానికి రాసుకుని తోలు లేచిపోయింది. ఆయన ఆగలేదు, వెనక్కి చూడలేదు. సాధన అయ్యాక మోచెయ్యి కడుక్కుంటూ, "ఇవాళ ఇరుకుగా తిప్పావే" అన్నాడు.

"మీరు లావయ్యారు. నేనేం చేసేది?" అంది అత్తయ్య.

అందరూ పకపకా నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ నవ్వులో అనుమానం అన్నదే లేదు.

మర్నాడు సాయంత్రం దారాల డబ్బాలో సూది వెతుకుతుంటే అడుగున కంటి చుక్కల సీసా దొరికింది. తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను.

"ఏంటిది అత్తయ్యా?"

"మిషను నూనె" అంది తలెత్తకుండా.

"మిషను నూనె సీసా మీద కన్ను బొమ్మ వేస్తున్నారా ఇప్పుడు?"

ఆవిడ సూది పక్కన పెట్టింది. తలుపు వైపు చూసింది. మావయ్య ఇంకా పని నుంచి రాలేదని గుర్తు తెచ్చుకుని అప్పుడు చెప్పింది. "ఎడమ కన్ను పోయింది. కంట్లో నీళ్ళ ఒత్తిడి ఎక్కువై లోపలి నరం ఎండిపోయిందంట. ఇంక రాదంట. కుడిదైనా నిలబడాలంటే ఈ చుక్కలు మానకూడదంట."

"మావయ్యకి తెలుసా?"

"ఊళ్ళోవాళ్ళ పైపుల్లో ప్రెషరు చూసుకోవడానికే ఆయనకి సరిపోవట్లేదు. నా కంట్లోది కూడా చూడమంటావా?"

నాకు నవ్వు రాలేదు, అరికాలి మంట నెత్తికెక్కింది. "మీకు ఎడమవైపు కనబడదు. ఆ కళ్ళతో మీరు ఆయన్ని వెనక్కి నడిపిస్తున్నారు. ఏం చేస్తున్నారో మీకు తెలుస్తోందా అత్తయ్యా?"

"తల కాస్త తిప్పుకుంటే కనబడుతుందే. ఇన్నాళ్ళూ అలాగే లాక్కొచ్చాను."

"నిన్న మోచెయ్యి గీసుకుపోయింది."

"మోచెయ్యే కదా."

"రేపు తలకాయ అవుతుంది!"

ఆవిడ చేతిలో గుడ్డ ముక్కని మడతపెట్టింది, విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. "నగరోత్సవం ఒక్కటి కానియ్యవే. అదైపోయాక మోకాళ్ళ నొప్పులని చెప్పి నేనే మానేస్తాను. కంటి సంగతి మాత్రం ఆయనకి తెలియకూడదు."

"ఎందుకు తెలియకూడదు?"

"ఇంట్లో ఆయన సంగతి చూస్తున్నావుగా. నాతో మాట్లాడేది ఆ బెల్టు పట్టుకున్నప్పుడే. నేను కొంచెం లాగితే ఆయన కొంచెం జరుగుతాడు, అవే మా మాటలు. అవి కూడా పోతే ఇంక ఆయనకీ నాకూ మధ్య ఏముంటుంది?" అంది. ఎప్పుడూ ఏడవని మనిషి ఆ గుడ్డ ముక్కతో మొహం తుడుచుకుంది.

ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. ఇచ్చిన మరుక్షణం నా నోటిని నేనే తిట్టుకున్నాను.

నగరోత్సవమంటే నగరం పుట్టినరోజని మున్సిపాలిటీ వాళ్ళు చేసే సందడి. పెద్ద బజారు పొడవునా ఊరేగింపు, అందరికంటే ముందు మా బృందం. ఆ బజారుకి ఎడమవైపు కొత్త మురుగు పైపుల కోసం గొయ్యి తవ్వుతున్నారు. బస్సులో పనికి వెళ్తూ రోజూ దాన్ని చూసేదాన్ని. మనిషి నిలువు లోతు. పక్కన మట్టి కుప్పలు, వంగిపోయిన ఇనప రేకులు, వాటికి చుట్టిన ఎర్ర రిబ్బను. ఉత్సవం నాటికి పూడ్చేస్తామని పేపర్లో ప్రకటన వేశారు. నేను నమ్మిన పాపాన పోలేదు. కౌంటర్లో కూర్చుంటే ప్రయాణికుల మొహాల బదులు ఆ గొయ్యే కనబడేది. ఒక పెద్దాయన ఫలానా బస్సు ఎప్పుడండీ అని అడిగితే, "ఎడమవైపు చూసుకుని వెళ్ళండి" అన్నాను. ఆయన నా వంక వింతగా చూసి ఎడమవైపే వెళ్ళాడు, పాపం.

మా ఆయనకి చెబుదామంటే ఆయన కడుపులో మాట దాగదు. ఉండబట్టలేక ఒకరోజు, "మీ అమ్మకి చూపు ఎలా ఉందంటారు?" అని కదిపాను.

"నీకంటే నయం. నిన్న నా చొక్కా మీద గ్రీజు మరక వీధి చివర్నుంచే పట్టేసింది" అన్నాడు.

ఆ పట్టేసింది కుడి కన్ను నాయనా అని మనసులో అనుకుని ఊరుకున్నాను.

మావయ్యతో ఇంకో దారి వెతికాను. "ఈసారి నేను ముందుకొచ్చి అత్తయ్య పక్కన నడవనా మావయ్యా?"

"గంట కదలకూడదు" అన్నాడు.

"పోనీ గంట ఇంకెవరికైనా ఇస్తే?"

"ఏం? చేతులు నొప్పా?"

"కాదు."

"మరి?"

ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీద ఆగుతుందో నిద్రలో లేపి అడిగినా చెప్పే నాకు అక్కడ నోరు పెగల్లేదు. ఆయన పైపు రెంచీ సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

కూరగాయలకని అత్తయ్యని వెంటబెట్టుకుని వెళ్ళి, దారిపొడవునా ఆవిడకి ఎడమవైపు నడిచేదాన్ని. అదైనా అలవాటవుతుందని నా ఆశ. ఆవిడకి ఒళ్ళు మండేది. "గుడ్డిదాన్ని నడిపించినట్టు నడిపించకు. నాకింకో కన్నుంది" అని విసురుగా ముందుకి పోయింది ఒకరోజు. అలా పోయిన కాసేపటికే ఎడమవైపు సందులోంచి సైకిలొకటి దూసుకొచ్చి, దాని హ్యాండిలు ఆవిడ సంచిని కొట్టేసింది. టమాటాలన్నీ రోడ్డు పాలయ్యాయి. సైకిలువాడు తిడుతూ పోయాడు. ఎవరైనా ఒక మాటంటే రెండు అప్పజెప్పే మా అత్తయ్య నోరెత్తలేదు. నా మణికట్టు పట్టుకుని ఇల్లు చేరేదాకా వదల్లేదు. ఆ పట్టు ఎంత గట్టిదో నాకు తెలుసు.

చెబితే ఆవిడ నన్ను జన్మలో క్షమించదు. చెప్పకపోతే, ఏదైనా జరిగితే, నన్ను నేను క్షమించుకోలేను. ఆ రోజులన్నీ నిప్పుల మీద నడిచినట్టు నడిచాను. వంటలో ఉప్పు రెండుసార్లు వేశాను. మావయ్య మాట్లాడకుండా తిన్నాడు. ఆయన మౌనం మీద మొదటిసారి నాకు కోపం వచ్చింది. ఒక్కసారి ఆవిడ మొహంలోకి సరిగ్గా చూస్తే తెలిసిపోయే సంగతి, చూడడే!

ఉత్సవం రోజు రానే వచ్చింది. సాయంత్రపు ఎండలో రైల్వే స్టేషను ముందు అందరం పసుపు చొక్కాలు వేసుకుని నిలబడ్డాం. అత్తయ్య నా దగ్గరికి వచ్చి కాలరు సరిచేసే వంకతో "ఇవాళ ఒక్కరోజే" అని చెవిలో అంది. తర్వాత వెళ్ళి మావయ్య వెనక నిలబడి బెల్టు పట్టుకుంది. నాకు మధ్య వరసలోంచి ఆవిడ కనబడదు. ఆటవాళ్ళ తలల మీదుగా మావయ్య మొహం ఒక్కటే కనబడుతుంది. ఇంక ఆ మొహమే నాకు దారి.

ఈల పడింది, మోత లేచింది. మిద్దెల మీంచి కాగితప్పూలు రాలుతున్నాయి. రోడ్డుకి రెండువైపులా జనం, భుజాల మీద పిల్లలు. మోత మొదలైతే మా పేగులు కూడా తాళం వేస్తాయని అంటుంటాం. ఆ రోజు నా పేగులు ఒక తాళం, గుండె ఒక తాళం. మావయ్య మొహం మాత్రం హాయిగా ఉంది. నవ్వుతున్నాడు, కనుబొమలు ఎగరేస్తున్నాడు, ఆటపిల్లలతో పాటు భుజాలు కదుపుతున్నాడు. ఆయన కొంచెం పక్కకి ఒరిగినప్పుడల్లా నా ఊపిరి ఆగింది. ఆయన మళ్ళీ నిటారుగా అయినప్పుడల్లా ఊపిరి తిరిగొచ్చింది.

"గంట పరిగెడుతోంది!" అని టీచరమ్మ నా చెవిలో అరిచింది. ఎప్పుడూ తప్పని నా గంట ఆ రోజు తప్పింది. మావయ్య నా వైపు చూసి అరచెయ్యి దించాడు. సర్దుకున్నాను. కళ్ళు మాత్రం ఆయన మొహం మీంచి తియ్యలేదు.

చెప్పుల దుకాణం బోర్డు కనబడింది. గొయ్యి మొదలయ్యేది అక్కడే. ముందురోజు సాయంత్రందాకా అది తెరిచే ఉంది. పూడ్చారో లేదో నా వరసలోంచి తెలియట్లేదు. జనం తలలే కనబడుతున్నాయి. అంతలో మావయ్య నడుం ఒక్కసారిగా వెనక్కి కుదిపినట్టయింది. మళ్ళీ ఇంకోసారి. అత్తయ్య బెల్టు గుంజింది.

రెండు పిడికిళ్ళూ పైకి లేచాయి. చిన్న డ్రమ్ములు టక్కున ఆగాయి, పెద్ద డోళ్ళు ఒక దెబ్బ ఆలస్యంగా ఆగాయి. ఒక ఆటపిల్ల వెళ్ళి ఇంకో పిల్ల వీపుకి కొట్టుకుంది. అదీ ఆటలో భాగమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. మేం కదలకపోయేసరికి ఆ చప్పట్లూ ఆగిపోయాయి.

నేను వరస వదిలేసి పరిగెత్తాను. అత్తయ్య నడిరోడ్డు మీద కొయ్యబారి నిలబడి ఉంది. బెల్టు ఇంకా ఆవిడ పిడికిట్లోనే ఉంది. నేను ఎడమవైపు చూశాను. గొయ్యి లేదు. నిజంగానే పూడ్చేశారు, పైన తారు కూడా పోశారు. ఆ తారు మీద ఎవరో ముసలాయన కుర్చీ వేసుకుని కూర్చుని మమ్మల్ని చూస్తున్నాడు.

"ఏమైంది? ఏముంది?" అన్నాడు మావయ్య, వెనక్కి తిరగకుండానే.

"తెలీదు" అంది అత్తయ్య.

"తెలీకపోవడమేంటి? ఏమైనా అడ్డొచ్చిందా?"

"ఎడమవైపు ఏముందో నాకు తెలీదండీ. ఇక్కడ గొయ్యుండాలి. ఉందో పోయిందో కనబడట్లేదు. తల తిప్పి చూద్దామంటే ఈలోపు కుడిపక్క నుంచి ఎవరడ్డొస్తారోనని భయమేసింది. నా ఎడమ కన్ను పోయింది. చాలా రోజులైంది. మీకు చెప్పలేదు."

మామూలుగా పక్కనున్నవాళ్ళ మాటే వినబడని చోట ఆ మాట వెనక వరసదాకా వినబడింది. డోలు మీద చేతులు అలాగే పెట్టుకుని మా ఆయన నోరు తెరిచాడు.

మావయ్య తిరిగాడు. ఆవిడ మొహం చూశాడు, పూడ్చిన రోడ్డు చూశాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "గొయ్యి లేదు. పూడ్చేశారు" అని మాత్రం అన్నాడు. తర్వాత ఎప్పటిలాగే డోళ్ళ వైపు తిరిగి నిలబడి, "పట్టుకో, వెళ్దాం" అన్నాడు.

ఆవిడ పట్టుకుంది. నేను వెళ్ళి నా చోట నిలబడ్డాను. మోత లేచింది. మావయ్య కాలెత్తాడు. ఎత్తిన కాలు వెనక్కి పోలేదు. దించి మళ్ళీ ఎత్తాడు. భుజం మీంచి వెనక్కి చూసి ఒక అడుగు వేశాడు. మళ్ళీ చూశాడు. ఆయన తల తిప్పినప్పుడల్లా డోళ్ళు తడబడ్డాయి. నుదురంతా చెమట. ఇవి నా కాళ్ళేనా అన్నట్టు కిందికి చూసుకున్నాడు. ఆయనకి ఆవిడ మీద కోపం లేదు, అది నేను గట్టిగా చెప్పగలను. మనసు నడుద్దామంటోంది, ఒళ్ళు ఒప్పుకోవట్లేదు. ఇన్నేళ్ళలో ఎన్నడూ రాని భయం ఆయన కాళ్ళలోకి వచ్చి కూర్చుంది. ఆ భయం బెల్టులోంచి అత్తయ్య చేతికి తెలుస్తూనే ఉంటుంది. అంతకంటే ఆయన నాలుగు తిట్టినా బాగుండేది.

ఆవిడ బెల్టు వదిలేసింది.

వదలమని ఎవరూ అనలేదు. తనంతట తనే వదిలేసి, ఖాళీ అయిన ఆ చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కాసేపు గాల్లోనే ఉంచింది. తర్వాత ఆటవాళ్ళ మధ్య నుంచి నడిచొచ్చి, నా చేతిలో గంట తీసి టీచరమ్మకిచ్చింది. నన్ను ముందుకి లాక్కెళ్ళి నా చెయ్యి మావయ్య బెల్టు మీద పెట్టింది. "గట్టిగా పట్టుకో. వదులుగా పట్టుకుంటే బెదురుతాడు. మలుపులో కొంచెం ముందుగానే లాగు, ఆయన మోకాలు తొందరగా తిరగదు" అంది. గొంతులో ఏడుపు లేదు. ఏడుపంతా నాకే వచ్చింది. ఆవిడ కుడివైపు ఫుట్‌పాత్ మీదికి వెళ్ళిపోయింది.

కదిలాం. బెల్టు పట్టుకుంటే ఏమవుతుందో నాకప్పుడు తెలిసింది. ఒక మనిషి ప్రాణం పిడికిట్లో ఉంటుంది, వెనక అంత మోత తరుముకొస్తుంటుంది, తల తిప్పడానికి వీల్లేదు. కళ్ళలో వత్తులు వేసుకుని రోడ్డు చూశాను. మావయ్య మొదట చిన్న చిన్న అడుగులు వేశాడు. నడుం బిగుసుకుపోయి ఉంది. కాసేపటికి కొంచెం సడలింది. అప్పుడు తల వెనక్కి వాల్చి, మోతలో నాకు వినబడేలా అడిగాడు.

"అమ్మాయ్, మీ అత్తయ్య ఎక్కడుంది?"

"కుడిపక్క ఫుట్‌పాత్ మీద మావయ్యా. మనతో పాటే నడుస్తోంది."

రెండు వరసల దెబ్బలు పడ్డాయి. మళ్ళీ అడిగాడు. "ఆవిడకి ఎడమవైపు ఎవరున్నారు?"

చూశాను. జనమంతా లోపలి పక్క దుకాణాల మెట్ల మీద ఉన్నారు. అత్తయ్య ఫుట్‌పాత్ అంచున, మా వైపు, ఒంటరిగా నడుస్తోంది. ఆ అంచు ఎక్కడ అయిపోతుందో ఆవిడకి తెలియదు.

"ఎవరూ లేరు."

"కుడికి జరుపు."

"రోడ్డు మధ్యలోనే పోవాలన్నారు మావయ్యా..."

"జరపమంటున్నానా!"

బెల్టు లాగాను. ఆయన జరిగాడు. ఆయన్ని చూసి ఆటవాళ్ళు, వాళ్ళని చూసి డ్రమ్ములు, అందరినీ చూసి పెద్ద డోళ్ళు, మొత్తం ఊరేగింపు రోడ్డుకి ఒక పక్కకి ఒరిగిపోయింది. చేతికి పట్టీ కట్టుకున్న వాలంటీరొకడు "మధ్యలో! మధ్యలో నడవండి!" అని చేతులు ఊపుతూ పరిగెత్తాడు. వాడి మాట ఎవరు వింటారు? మావయ్య భుజానికీ అత్తయ్య భుజానికీ మధ్య జానెడు జాగా మిగిలేదాకా లాగుతూనే ఉన్నాను.

ఆ వచ్చిందెవరో ఆవిడకి కనబడదు కదా. మోత మీదికొస్తోందని మాత్రం తెలిసింది. నా మీద విరుచుకుపడింది.

"ఏమే, ఆయన్ని తీసుకొచ్చి గట్టుకి కొడతావా? ఇప్పుడేగా చెప్పాను! మధ్యలో నడిపించు!"

"నేను కాదు అత్తయ్యా, మావయ్యే జరపమన్నాడు! మీకు ఎడమవైపు ఎవరూ లేరని!" అని అరిచాను.

ఆవిడ తల ఎడమవైపుకి తిప్పింది. ఆయన కనబడేదాకా పూర్తిగా తిప్పింది. ఆయన అటు డోళ్ళని చూస్తూ చెయ్యెత్తుతున్నాడు. ఆవిడ ఆ మొహాన్నే చూస్తూ, చూస్తూ నడిచింది.

"ముందు చూసి నడవండి అత్తయ్యా, పడిపోతారు!" అని నేను మళ్ళీ అరవాల్సి వచ్చింది.